మోటారు సైకిలు ప్లగ్గు రంగు - దానిని చదువు విధము

(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నేను సస్యశాస్త్రము బోధించువాడను, మెకానిక్కును కాను. అయినా నేడు మోటారు సైకిలు ప్లగ్గును గురించి మాట్లాడదలచినాను. మీలో ఎక్కువమంది పొలానికి పోవుటకు, ఎరువు బస్తా తెచ్చుటకు, పాలు కేంద్రానికి చేర్చుటకు, పిల్లలను బడి దగ్గర దించుటకు వాడుచున్నది మోటారు సైకిలే. ఎద్దు కుంటితే గిట్ట ఎత్తి చూచిన మనము, బండి మొరాయిస్తే మాత్రము చూడకుండానే మెకానిక్కుకు అప్పగించి టీ త్రాగుటకు పోవుచున్నాము. గిట్టను చూచినట్టే చూడదగినది బండిలో ఒకటున్నది. అదే ప్లగ్గు.

రంగు చూచి జబ్బు చెప్పుట మీకు కొత్త కాదు. వరి పసుపుబారినదనగానే యూరియా బస్తా విప్పువాడు ఒకడు. పసుపుబారినది ముదురు ఆకా, లేత ఆకా అని వంగి చూచువాడు ఇంకొకడు. ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే నత్రజని కొరత అనుకొందుము. లేత ఆకులు తెల్లబారితే ఇనుము కొరత అనుకొందుము. మడిలో నీరు నిలిచి వేళ్ళకు ఊపిరాడకపోయినా పసుపే. ప్లగ్గు సంగతి కూడ ఇట్టిదే. ప్లగ్గు నల్లగా ఉన్నదనగానే కార్బురేటరు స్క్రూ త్రిప్పువాడు, పసుపు చూచి యూరియా బస్తా విప్పినవానికి సొంత తమ్ముడు. నేను కూడ ఒకప్పుడు ఆ తమ్ముడినే. ఆ కథ కొంచెము తరువాత చెప్పుదును.

ముందుగా ఇంజను తినే తిండిని గూర్చి రెండు మాటలు. పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలుటకు, తూకము ప్రకారము సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. దీనినే లీటర్లలో చెప్పితే ఇంకను ఆశ్చర్యముగా ఉండును. ఒక లీటరు పెట్రోలు కాలుటకు సుమారు 9,000 లీటర్ల గాలి పట్టును. పాల కేంద్రములోని 40 లీటర్ల క్యాన్లతో కొలిస్తే 225 క్యాన్ల గాలి! మీరు బంకులో పోయించునది పెట్రోలు ఒక్కటే గాని, దారి పొడవునా బండి త్రాగుచున్నది గాలియే. మన డొంకలలో ఆ గాలి ఎట్టిదో, అందులో దుమ్ము ఎంతో మీకు చెప్పనక్కరలేదు.

గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైనదానిని చిక్కని మిశ్రమమని, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదానిని పలుచని మిశ్రమమని అందుము. చిక్కనైతే పెట్రోలు పూర్తిగా కాలక మసి కట్టును; మైలేజి తగ్గును; కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేయును. పలుచనైతే ఇంజను అదుపు తప్పి వేడెక్కును. మొదటిది నెలనెలా జేబును కొరుకును. రెండవది ఒక్క పూటలో పిస్టనును తినివేయును. కనుక రెండింటిలో పలుచదనానికే ఎక్కువ భయపడవలెను. మైలేజి వచ్చుచున్నదని సంతోషించి పలుచన చేయించుకొనేవారు ఈ మాట గుర్తుంచుకోవలెను.

ప్లగ్గు కొన మంట నడుమనే ఉండును. దాని మధ్యలో ఒక లోహపు కడ్డీ, ఆ కడ్డీ చుట్టూ పింగాణి, దానికెదురుగా వంకరగా వంగిన మరొక లోహపు ముక్క ఉండును. మనము చదువవలసినది ముఖ్యముగా ఆ పింగాణి ముక్కును. ప్లగ్గు కొన సుమారు 450, 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చేరితే దాని మీది మసి దానంతటదే కాలిపోవును. సుమారు 850 డిగ్రీలు దాటితే అది నిప్పుకణికవలె మారి, నిప్పురవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించును. అది ఇంజనుకు ప్రాణాపాయము. ఈ రెంటి మధ్య నడిచిన ప్లగ్గు పింగాణి లేత గోధుమరంగులోనో, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులోనో, కొంచెము బూడిద కలిసిన లేత రంగులోనో ఉండును.

పింగాణి మీద పొడిగా, వేలితో తుడిస్తే అంటుకొనే దీపపు మసివంటి నలుపు ఉంటే చిక్కని మిశ్రమమని అనుమానించవలెను. నలుపు జిడ్డుగా, తడిగా, మెరుస్తూ ఉంటే అది పెట్రోలు పని కాదు, నూనె పని. నాలుగు స్ట్రోకుల బండిలో రింగులో, వాల్వు సీళ్ళో అరిగి నూనె పైకి వచ్చుచున్నదని అర్థము. దానికి కార్బురేటరును ఎంత త్రిప్పినను లాభము లేదు. నలుపు లేకుండా పెట్రోలు వాసనతో ఉత్త తడిగా ఉంటే నిప్పురవ్వ పడుట లేదనియో, చోకు లాగి ఎక్కువసార్లు కిక్కు కొట్టినారనియో తెలియును. పింగాణి సున్నము కొట్టినట్టు తెల్లగా ఉండి, పైన చిన్న బొబ్బలు లేచి, లోహపు కొనలు కరిగి గుండ్రబడినట్టుంటే ఆ బండిని ఇక నడపకండి. అది పలుచని మిశ్రమము కావచ్చును. కార్బురేటరుకు ఇంజనుకు నడుమనున్న రబ్బరు గొట్టము పగిలి దొంగ గాలి దూరుచుండవచ్చును. నిప్పు పడు సమయము తప్పి ఉండవచ్చును. తెల్లని పింగాణి మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, మెరిసే సన్నని రవ్వలు కనబడితే లోపల పిస్టను లోహమే రాలుచున్నదని అనుకోవలెను.

ఇక ప్లగ్గును ఎప్పుడు విప్పవలెనన్నది. ఇక్కడనే నూటికి తొంబైమంది పొరబడుచున్నారు. ప్లగ్గు చెప్పునది ముఖ్యముగా చివరిసారి నడిచిన తీరును. మీరు పొలము నుండి వేగముగా వచ్చి, ఊరి మధ్య అరుగు దగ్గర ఆగి, ఇంజను ఆపకుండ పావుగంట మాట్లాడి, ఇంటికి పోయి ప్లగ్గు విప్పినారనుకొందము. ఆ ప్లగ్గు అరుగు దగ్గరి ముచ్చట్లను చెప్పును గాని, పొలము దారిని చెప్పదు. కార్బురేటరులో స్లోలో నడుచునపుడు పెట్రోలు ఒక సన్నని జెట్టు గుండ వచ్చును. సగము యాక్సిలరేటరు మీద సూది దానిని కొలిచి ఇచ్చును. పూర్తిగా త్రిప్పినప్పుడు మెయిన్ జెట్టు ఇచ్చును. మూడు దారులు వేరు వేరు. ఏ దారిని పరీక్షించుచున్నారో తెలియకుండ తీర్పు చెప్పరాదు.

కనుక ఇట్లు చేయండి. శుభ్రమైన, మీ బండికి చెప్పిన నంబరు ప్లగ్గును వేసి, మామూలుగా రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగండి. తరువాత ఒక ఉదయము జనసంచారము లేని తిన్నని దారిలో, ఇంజను బాగా వేడెక్కిన మీదట, మీరు రోజూ నడిపే వేగముతో, రోజూ మోసే బరువుతో మూడు నాలుగు కిలోమీటర్లు ఒకే తీరుగా నడపండి. అదే వేగము మీద క్లచ్చి పట్టి, వెంటనే ఇంజను ఆపే మీటను నొక్కి, బండిని దానంతటదే దొర్లనిచ్చి ప్రక్కన ఆపండి. ఇంజనును స్లోలోకి రానీయకూడదు. నడుస్తూ తాళముచెవి మాత్రము త్రిప్పకండి; హేండిలు తాళము పడినదంటే ప్లగ్గు చూచుటకు మీరు మిగలరు. ఇంజను చల్లారనిచ్చి, ప్లగ్గు చుట్టూనున్న దుమ్మును ఊది, అప్పుడు పానా పెట్టండి. ఆ ఊదుట మరచితే ఆ మట్టి నేరుగా సిలిండరులో పడును. ప్లగ్గును నీడలో, పగటి వెలుతురులో చూడండి. వరిలో ఆకు రంగు పట్టికను వాడునపుడు ఎండకు అడ్డముగా నిలువబడి ఆకును చూడమని చెప్పినాము గదా, ఇదియు అంతే. ఎండలో గోధుమరంగు కూడ తెల్లగా తోచును.

తిరిగి బిగించునపుడు మొదట చేతితోనే మరలు ఎక్కించవలెను. ఇంజను పైభాగము అల్యూమినియము గనుక, పానాతో అడ్డముగా ఎక్కించితే మరలు చెడిపోవును. వాషరుతో వచ్చిన కొత్త ప్లగ్గయితే చేతికి బిగిసిన తరువాత సుమారు అర చుట్టు, పాతదయితే చుట్టులో ఎనిమిదవ వంతు చాలును.

ఇప్పుడు నా కథ. నాకు కార్బురేటరు ఉన్న పాత మోటారు సైకిలు ఒకటి ఉండెడిది. ఒక వేసవిలో డెల్టా గ్రామాలలో మట్టి నమూనాల కొరకు తిరుగుచుండగా మైలేజి పడిపోయినది. ప్లగ్గు విప్పి చూచితే బొగ్గు. చిక్కని మిశ్రమమని నాకు నేనే తీర్పు చెప్పుకొని, మెకానిక్కు వద్దన్నా వినక, చిన్న మెయిన్ జెట్టు వేయించినాను. ప్లగ్గు గోధుమరంగుకు తిరిగినది, మైలేజి కూడ పెరిగినది. నా విద్యకు నేనే మురిసినాను.

అసలు జరిగినది వేరు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోయి గాలి తగ్గినది. గాలి తగ్గినందున పెట్రోలు పాలు ఎక్కువైనది. నేను గాలిని పెంచుటకు బదులు పెట్రోలును తగ్గించినాను. కార్తికములో బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడు వారు తమ పని తాము చేసి కొత్త ఫిల్టరు వేసినారు. గాలి పూర్తిగా వచ్చినది. జెట్టు మాత్రము ఆ చిన్నదే. ఆ మరునాడు రెండు మూటల మినుము విత్తనము వెనుక కట్టుకొని ఒక రైతు దగ్గరకు బయలుదేరినాను. ఆయన వరి కోతకు మనుషులను పిలుచుకొని ఉన్నాడు. వరి మాగాణిలో మినుము కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే చల్లవలెనని మీకు తెలియును. ఆలస్యమైనదని కాలువ గట్టు మీద యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి పోవుచున్నాను. పది పన్నెండు కిలోమీటర్లు పోయిన తరువాత బండి బలము తగ్గి, వెనుకనుండి ఎవరో పట్టి లాగినట్లయి, చక్రము బిగుసుకొని ఆగిపోయినది. పిస్టను పట్టివేసినది. విప్పి చూచిన ప్లగ్గు సున్నమువలె తెల్లగా, పైన మెరిసే రవ్వలతో ఉన్నది.

ఆ సమయానికి ఆ గట్టు మీద ఇంకొక బండి దొరకలేదు. విత్తనము చేరుటకు మూడవ రోజు అయినది. అప్పటికి కోత అయిపోయి పనలు పడియున్నవి, నేల పైన ఆరుచున్నది. ఆయన పనల సందులలో చల్లినాడు గాని మొలక పలుచబడినది. నా నష్టము పిస్టను, బోరు పని, ఒక నెల జీతములో మంచి భాగము. ఆయన నష్టము ఒక పంట కాలము. కోపగించలేదు. ప్లగ్గు కథ అంతా విని ఒకే మాట అన్నాడు: "మేష్టారూ, పైరు పసుపుగా ఉంటే యూరియా చల్లకముందు నీళ్ళు నిలిచినయ్యేమో చూసుకోమని మాకు చెప్పింది మీరే గదండీ." ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది, నేటికిని లేదు.

అందుచేత నల్లని ప్లగ్గు కనబడితే నేను ఇప్పుడు చేయుచున్నది ఇది. మొదట ఎయిర్ ఫిల్టరు చూతును. కాగితపు ఫిల్టరయితే కడుగరాదు, మార్చవలెను. స్పాంజిదయితే కడిగి, ఆరబెట్టి, పుస్తకములో చెప్పిన నూనె పట్టించవచ్చును. వేసవిలో డొంకలలో, నూర్పిళ్ళ కాలములో కళ్ళాల దగ్గర తిరిగే బండికి కంపెనీవారు చెప్పిన గడువుకు ముందే చూడవలెను. తరువాత చోకు పూర్తిగా తిరిగిపోవుచున్నదా అని చూతును; చోకు తీగె పట్టుకొని ఉంటే ప్లగ్గు నల్లబడుట వింత కాదు. పిమ్మట కార్బురేటరు అడుగు గిన్నెలోని తేలుడు బిళ్ళ, దాని సూది అరిగి పెట్రోలు పొంగుచున్నదా అని చూపింతును. ఆ తరువాత ప్లగ్గు నంబరు. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. ఎన్.జి.కె. ప్లగ్గులలో అంకె పెరిగిన కొలది చల్లని ప్లగ్గు. బాష్ ప్లగ్గులలో అంకె పెరిగిన కొలది వేడి ప్లగ్గు. దుకాణములో ఒకదానికి బదులు ఇంకొకటి ఇచ్చినపుడు అంకె దగ్గరగా ఉన్నదని తీసుకొంటే రంగు మారిపోవును, మిశ్రమము మారకపోయినా. రెండు కొనల నడుమ ఎడము కూడ పుస్తకము ప్రకారము ఉండవలెను. చాలా బండ్లకు అది 0.6 నుండి 0.8 మిల్లీమీటర్లు.

ఇవన్నియు సరిగా ఉండి, అప్పటికిని నల్లగానే ఉంటేనే స్క్రూ. దానిని తాకుటకు ముందు, మెల్లగా లోనికి ఎన్ని చుట్లు పోవుచున్నదో లెక్కించి వ్రాసికొని, తిరిగి అన్నే చుట్లు వెనుకకు తీయండి. చెడిపోతే మొదటికి వచ్చుటకు అదే దారి. సాధారణముగా స్క్రూ ఇంజను వైపున ఉంటే దానిని బయటకు తీసిన కొలది చిక్కనగును. ఫిల్టరు వైపున ఉంటే బయటకు తీసిన కొలది పలుచనగును. ఒకసారికి పావు చుట్టుకు మించరాదు. అదియు స్లోలో నడకను సరిచేయుటకే గాని, పెద్ద వేగములో మిశ్రమానికి ఆ స్క్రూతో సంబంధము దాదాపు లేదు. జెట్టు మార్చు పని తెలిసినవానికే వదలండి. మార్చితే ఆ సంగతి బండి పుస్తకములో వ్రాయండి. నా బండి పుస్తకములో ఆ ఒక్క పంక్తి ఉండియుంటే సర్వీసువారు చూచియుండెడివారు.

పెద్దవారు కొందరు, "మా కాలములో ప్లగ్గు ఇటుక రంగుకు వచ్చేది, ఇప్పుడు రావడము లేదేమి?" అని అడుగుచుందురు. వారి మాట నిజమే. అప్పటి పెట్రోలులో సీసము కలిపెడివారు, అది ప్లగ్గు మీద రంగు పేర్చెడిది. మన దేశములో 2000వ సంవత్సరము నుండి సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. నేటి ప్లగ్గు రంగు లేతగా, ఆలస్యముగా వచ్చును. కనుక కొంచెము తెలుపు కనబడగానే బెదరి చిక్కన చేయవద్దు; బొబ్బలు, కరిగిన అంచులు, రవ్వలు ఉన్నవా అని చూడండి.

ఇంకొక మార్పు. మీ చెరకు నుండి, మొక్కజొన్న నుండి, నూకల నుండి చేసిన ఇథనాలు ఇప్పుడు పెట్రోలులో కలియుచున్నది. 2025 నాటికి ఈ కలుపు 20 శాతానికి చేరినది. ఇథనాలు ఒక పాలు కాలుటకు సుమారు 9 పాళ్ళ గాలి చాలును, ఎందుకనగా దానిలోనే కొంత ప్రాణవాయువు ఉన్నది. ఆ లెక్కన వట్టి పెట్రోలుకు కుదిర్చిన పాత కార్బురేటరులో ఈ పెట్రోలు కొంచెము పలుచని మిశ్రమమగును. ఇంతకు ముందే మైలేజి కొరకు పలుచన చేయించుకొన్నవారు ఒకసారి ప్లగ్గు విప్పి చూచుకొనుట మంచిది.

2020 ఏప్రిలు 1 నుండి బి.ఎస్. 6 నియమాలు వచ్చినవి. అప్పటి నుండి వచ్చు మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నింటికి కార్బురేటరు పోయి, పెట్రోలును చిమ్మే ఇంజెక్టరు వచ్చినది. పొగ గొట్టములోని ప్రాణవాయువును పసికట్టి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె పెట్రోలును తానే కొలిచి ఇచ్చును. అందులో మీరు త్రిప్పదగిన స్క్రూ లేదు. కాని అట్టి బండికి కూడ ఫిల్టరు పూడిపోవును, రింగులు అరుగును. జిడ్డు నలుపు, సున్నపు తెలుపు అక్కడ కూడ కీడునే చెప్పును. చూచి, సర్వీసువారికి చూపండి.

చివరగా, రెండు స్ట్రోకుల ఇంజన్లు. పాత ఎక్సెల్ సూపర్ బండ్లు, వీపున మోసే పవరు స్ప్రేయర్లు చాలా వరకు ఈ జాతివే. వీటిలో పెట్రోలులోనే నూనె కలిపి పోయుదుము గనుక ప్లగ్గు కొంచెము ముదురుగా, జిడ్డుగా ఉండుట సహజము. ఇక్కడ ఒక మాయ ఉన్నది. నూనె ఎక్కువ కలిపితే ప్లగ్గు నల్లబడును, చూచినవాడు చిక్కని మిశ్రమమనుకొనును. కాని జెట్టు గుండ పోవు ద్రవములో నూనె ఎక్కువైనదంటే పెట్రోలు తగ్గినదని అర్థము. అనగా పైకి నలుపు, లోన పలుచదనము! ఆ నలుపు చూచి స్క్రూను ఇంకను పలుచన వైపు త్రిప్పితే, మందు కొట్టుచుండగానే ఇంజను వీపు మీద పట్టివేయును. నలుపు పోవలెనని నూనె పూర్తిగా తగ్గించినా అదే గతి. కొన్ని యంత్రాలకు 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు, కొన్నింటికి 50 పాళ్ళకు ఒక పాలు నూనె చెప్పుదురు. మీ యంత్రము మీద ఏమి వ్రాసియున్నదో దానిని కొలత గ్లాసుతో పోయండి. చేతి అంచనా వద్దు. మందు కొట్టు కాలము ముగిసిన తరువాత ట్యాంకులో మిగిలిన పెట్రోలును తీసివేయండి. ఇథనాలు కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పట్టును. నిలువ ఉంటే నీరు అడుగున చేరి మరుసటి కాలములో యంత్రము మొండికేయును.

మీరు వచ్చిన బండ్లు బయట వేపచెట్టు క్రింద ఉన్నవి. ఉదయము నుండి ఆగియున్నవి గనుక ఇంజన్లు చల్లారియుండును. ప్లగ్గు పానాలు, తెల్లని కాగితాలు నేను తెచ్చినాను. ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊది విప్పి, కాగితము మీద పెట్టి, ప్రక్కన మూడు సంగతులు వ్రాయండి: ఎన్ని కిలోమీటర్లు వచ్చినారు, ఆపుటకు ముందు ఎంతసేపు స్లోలో ఉంచినారు, ఫిల్టరు ఎప్పుడు మార్చినారు. మొదట నా బండి ప్లగ్గే విప్పుదము, రండి.